అప్‌డేట్లకు అనుమతులిచ్చే పెద్ద సారుకు బహిరంగ లేఖ

అయ్యా,

పనిమీద మీ ఆఫీసుకు వచ్చాను. ఆయుధపూజకు కంప్యూటర్లకు పెట్టిన బొట్లు ఇంకా చెక్కుచెదరలేదు. లోపల మాత్రం విండోస్ ‘రీస్టార్ట్ చేయండి’ అని నెలల తరబడి మొత్తుకుంటోంది. మీ సంతకం కోసం ఫైలు ఆగిందట.

వారం బాగోలేదనా? మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు వదిలేది నెలలో రెండో మంగళవారమే. మంగళవారం మనం కొత్త పని మొదలెట్టం, నిజమే. కానీ అవి మనకు చేరేది రాత్రి పదిన్నరకు, చలికాలంలో పదకొండున్నరకు. మీరు వేయించేసరికి శుభమా అని బుధవారం!

2017 మార్చి 14న ఒక ప్యాచ్ వచ్చింది. ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీలోని కంతను పూడ్చింది. ఏప్రిల్‌లో షాడో బ్రోకర్స్ ముఠా ఆ కంతలో దూరే సాధనాన్ని బజారున పెట్టింది. మే 12న ఆ సాధనంతోనే వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ దిగింది. ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు. ప్యాచ్ లేని మెషీన్ ఒక్కటుంటే చాలు, నెట్‌వర్క్‌లో ప్యాచ్ లేని పక్కదానికి పాకుతుంది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లకు సోకింది. ఫైళ్లకు తాళం, తెరమీద 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమన్న నోటీసు. తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లనూ వదల్లేదు. ఆ ప్యాచ్ అప్పటికే రెండు నెలలుగా ఉచితం. (విండోస్ ఎక్స్‌పీకి మాత్రం దాడి తర్వాతే ఇచ్చారు. 2014లోనే మద్దతు ఆగినదాన్ని ఇంకా వాడటం వేరే పాపం.)

అప్‌డేట్ వేస్తే మెషీన్లు పడిపోతాయంటారు. 2024 జూలై 19న పడ్డాయి కూడా. భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన చెడ్డ ఫైలుతో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు బ్లూ స్క్రీన్ చూపాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అందుకని అసలు వేయడమే మానేస్తామా? ముందు పది మెషీన్లకు వేసి, రెండ్రోజులు చూసి, తర్వాత అన్నిటికీ వేయాలి. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో నైట్ షిఫ్ట్ పిల్లలు చేసే పని ఇదే, కాకపోతే అమెరికా బ్యాంకులకు. పక్క వీధిలోని సర్కారు ఆఫీసుకు ఆ భాగ్యం లేదు.

ఇంకొకటి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మీ హాల్లో అలాంటివెన్నో లెక్క తీయించండి. డబ్బుకట్టి పొడిగిస్తారో, 11కి మారుస్తారో మీ ఇష్టం. ముందు ఆ పెండింగ్ ఫైలు మీద సంతకం పెట్టండి సార్, ఈ మంగళవారమైనా సరే.

ఇట్లు,
రాయదుర్గం నుంచి ఒక సిస్టమ్ అడ్మిన్