ద్రోణాచలంలో బొటనవేలు

ఇంకా పాలప్యాకెట్టు కూడా రాని వేళ, తెల్లారి ఐదు గంటలకు, మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక హితబోధ వచ్చి పడింది. పైన ఉదయించే సూర్యుడు, కింద జోడించిన రెండు చేతులు, మధ్యలో ఫోన్ బానిసత్వం నుంచి బయటపడేందుకు ఏడు సూత్రాలు. ఆఖర్న అంకె వేయని ఎనిమిదో సూత్రం: దీన్ని కనీసం పదిమందికి పంపండి. పంపినట్టే ఉన్నారు. పొద్దు గూకేలోగా అదే సూర్యుడు నాకు బంధువుల గ్రూపులో, పదో తరగతి బ్యాచ్ గ్రూపులో, వాకింగ్ మిత్రుల గ్రూపులో మళ్లీ మళ్లీ ఉదయించాడు. వాకింగ్ మిత్రులు ఎవరూ వాకింగుకు పోరు. అది వేరే సంగతి.

మొదటి సూత్రం: రాత్రి పడుకునేటప్పుడు ఫోనును వేరే గదిలో పెట్టండి. రాసిన మహానుభావుడు మా డోన్ బండల మిద్దెలు చూసినట్టు లేదు. వేరే గది అనేది ముందు ఉండాలి. ఉన్నా అందులో అత్తగారు ఉంటుంది, ఆమె చేతిలో ఆమె ఫోను ఉంటుంది. రెండో సూత్రం: తెరకు రంగులు తీసేసి నలుపు తెలుపు చేసుకోండి, మోజు తగ్గుతుంది. 1987లో దూరదర్శన్‌లో రామాయణం వచ్చే ఆదివారం పొద్దున, వీధికొక్క నలుపు తెలుపు టీవీ ముందు చెప్పులు బయట విడిచి కూర్చున్న జనాన్ని చూసినవాడెవడూ ఈ మాట అనడు. మూడో సూత్రం: చెయ్యి ఫోను మీదికి పోగానే లేచి, బయటికి వెళ్లి ప్రకృతిని చూడండి. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలప్పుడు డోన్‌లో ప్రకృతిని చూడబోయినవాణ్ణి తర్వాత ప్రకృతే చూసుకుంటుంది. మిగతా నాలుగూ ధ్యానం, పుస్తకపఠనం, కుటుంబంతో కబుర్లు వగైరా. అందరికీ తెలిసినవే, ఎవరూ చేయనివే.

నిజానికి తల వంచుకుని గంటలకొద్దీ కూర్చోవడం మా వైపు కొత్త విద్యేం కాదు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం జనం దిగుతారు. అన్నం మూట చెట్టుకు కట్టి, పొద్దున్నించి సాయంత్రం దాకా ఎర్రమట్టిలోనే చూపు. పలకరిస్తే పలకరు. మెరిసిందల్లా ఏరుకుంటారు, చాలాసార్లు అది గాజుపెంకు. రీలు చూసేవాడి వరస కూడా ఇంతే. కాకపోతే చేలో వెతికేవాడికి ఏదో ఒక ఏడు నిజంగానే రాయి దొరుకుతుంది, వ్యాపారి ఇంటికే వచ్చి బేరమాడతాడు. పైగా సీజను అయిపోగానే వాడు ఇంటికి పోతాడు. రీలు చేనుకు గట్టు లేదు. ఎంత జరిపినా అడుగు రాని ఆ పేజీని 2006లో కనిపెట్టిన ఆజా రాస్కిన్ అనే అమెరికా కుర్రాడు తర్వాత తప్పైపోయిందని ఊరూరా చెప్పుకున్నాడు. గట్టు తీసేసినవాడు పశ్చాత్తాపపడ్డాడు కానీ గట్టు మళ్లీ వెయ్యడానికి చేను ఇప్పుడు అతనిది కాదు. 2018లో ఆ చేల కామందులు గూగుల్, ఆపిల్ ఇంకో ఉపకారం చేశారు. మీరు రోజుకు ఎన్ని గంటలు ఫోను చూశారో లెక్కగట్టి చూపించే ఏర్పాటు పెట్టారు. ఆ లెక్క ఎక్కడ చూడాలి? ఫోనులోనే.

ప్రభుత్వమూ ఊరికే కూర్చోలేదు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించింది. చైనా మీద కోపంతో చేసిన పనే అయినా, సంగటి మాడబెట్టే కోడళ్ల మీద కోపంగా ఉన్న అత్తలు కూడా సంతోషించారు. జూలై 8న ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ వచ్చాయి. నడుమ తొమ్మిది రోజులు. దేశానికి దొరికిన డిజిటల్ ఉపవాసం అంతే. అప్పుడు కరోనా కాబట్టి ఆ తొమ్మిది రోజులూ జనం ఇంట్లోనే ఉండి ఏం చేశారో ఎవరూ రాసిపెట్టలేదు.

ఇంతవరకూ చెప్పింది సరదా ఫోను. ఏడు సూత్రాలవాళ్లు మాట్లాడేదంతా ఈ ఫోను గురించే. రెండో ఫోను ఇంకోటుంది. దాని జోలికి వాళ్లు పోరు. దానికి మా ఊరి పురాణం కావాలి.

ద్రోణాచార్యుడి పేరు మీద ఈ ఊరు ద్రోణాచలమైందని పెద్దలు చెప్తారు. రైల్వేవాళ్లు డోన్ చేశారు, జనం ఒప్పుకున్నారు. ద్రోణుడంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఏకలవ్యుడి బొటనవేలు. ఆయన అడిగింది ఒక్కణ్ణి, ఒక్కసారి. 2015లో రేషను స్టోర్లకు ఈ-పోస్ మిషన్లు వచ్చినప్పటి నుంచి ఆ గురుదక్షిణ ఇంటింటికీ నెలవారీ అయింది. బియ్యానికి వేలు, బ్యాంకులో వేలు, సిమ్‌కార్డుకు వేలు. ఇక్కడ ఒక చిక్కుంది. డోన్, బేతంచెర్ల చుట్టుపక్కల బండల క్వారీల్లో, పాలిషు ఫ్యాక్టరీల్లో పనిచేసే మనిషికి నీళ్లూ రాతిపొడీ కలిసి వేలి గీతల్ని బండతో పాటే నున్నగా పాలిషు చేసేస్తాయి. వేరుశనగ పీకే ఆడవాళ్ల వేళ్లదీ అదే గతి. ద్రోణుడు కనీసం వేలు తీసుకున్నాడు. మిషను చూసి, ఇది నీ వేలు కాదంటుంది.

వేలు చెల్లనివాడికి ఇంకో దారి చూపించారు. ఓటీపీ. అంటే ఫోను.

2025 ఎండాకాలంలో ఒక నెట్ సెంటరులో చూసిన ముచ్చట ఇది. పీఎం కిసాన్ డబ్బులకు ఈ-కేవైసీ. ఏడాదికి మూడు విడతలుగా రెండేసి వేలు, మొత్తం ఆరు వేలు. ప్యాపిలి వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ బల్ల మీదున్న మిషను గాజు మీద వేలు పెట్టింది.

"ఏలు గట్టిగా అదుము అవ్వా."

"అదిమినా కదప్పా."

"తుడిచి పెట్టు."

కొంగుకు తుడిచి పెట్టింది. ఆ పిల్లోడు టిష్యూ ముక్క నీళ్లలో తడిపి తనే తుడిచాడు. తర్వాత తల్లో నూనె కాస్త రాసి చూడమని పక్కన నిలబడ్డ పెద్దాయన సలహా. పదివేళ్లూ అయిపోయాయి. మిషను దేనికీ ఒప్పుకోలేదు. మొగం చూపించి చేసే పద్ధతి 2023లోనే వచ్చింది గానీ, ఆ యాప్ ఆవేళ తెరుచుకోలేదు.

"ఆధార్‌కు ఎవరి నంబరు ఇచ్చినావు అవ్వా?"

"మా చిన్నోనిది. బెంగుళూర్లో ఉండాడు."

చిన్నోనికి ఫోన్ కలిపారు, స్పీకర్ పెట్టారు. మోగే ముందు ఆ రోజుల్లో వచ్చే సర్కారు హెచ్చరిక మొదలైంది, సైబర్ మోసగాళ్లతో జాగ్రత్త అని. అవ్వ కొంగు సర్దుకుని శ్రద్ధగా వింది. హెచ్చరిక అయిపోయాక కొడుకు ఎత్తాడు. పనిలో ఉన్నాడట, వెనక డ్రిల్లింగు మోత. "వచ్చింది చెప్పు నాయనా, ఊరికే చెప్పు, జాగ్రత్త పడమని ఇప్పుడే చెప్పినార్లే" అంది. కొడుకు మోతకు పైన అరిచి ఆరంకెలూ చెప్పాడు. అవ్వకు వినబడలేదు. లైనులో ఉన్న మేమందరం ఒకే గొంతుతో అవ్వకు మళ్లీ చెప్పాం. అంత గోప్యంగా ఆ పని పూర్తయింది.

ఆ అవ్వకు ఫోను బానిసత్వం గురించి ఏడు సూత్రాలు చెప్పేవాడు ముందుకు రావాలి. ఆమె దగ్గర ఫోనే లేదు. లేని ఫోనుకు ఆమె బానిస.

కరువు పని సంగతి ఇంకా రసవత్తరం. ఉపాధి హామీని మా వైపు ఇప్పటికీ కరువు పని అనే అంటారు. 2023 జనవరి 1 నుంచి పని జరిగే చోట రోజుకు రెండు ఫొటోలు యాప్‌లో ఎక్కిస్తేనే హాజరు. పొద్దున ఒకటి, తర్వాత ఒకటి. గడ్డపార మోసినా, తట్ట ఎత్తినా లెక్క లేదు, ఫొటోలో పడాలి. కందకం తవ్వే గుట్ట పక్క సిగ్నలు ఉండదు కాబట్టి, మేటు అనే మనిషి ఫోనును ఆకాశానికి చూపిస్తూ గుట్టెక్కుతాడు. కింద నలభై మంది పార పక్కనపెట్టి, ఎక్కిందా లేదా అని పైకి చూస్తుంటారు. రోజు కూలి తేలేది కందకం లోతుతో కాదు, ఆ చిన్న గుండ్రం తిరగడం ఆగడంతో. పనివేళల్లో ఫోన్ చూడటం తగ్గించండి అని మేనేజ్‌మెంట్ పుస్తకాలు రాసేవాళ్లు ఒకసారి ఈ గుట్టెక్కాలి.

మరి ఇంత ఫోను పెట్టి మోసం ఆగిందా? 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒక సర్క్యులర్ పంపింది. సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారట. పనిచేసే మనుషులకు బదులు పాత ఫొటోను ఫొటో తీసి పంపుతున్నారట. ఫొటోలో ఉన్నది ఆడవాళ్లైతే లెక్కలో మగవాళ్లు ఉన్నారట. ఒకే మొహాలు రెండు మూడు మస్టర్లలో కనిపిస్తున్నాయట. మందేమిటంటే, పంచాయతీ స్థాయిలో ఆ ఫొటోలన్నిటినీ నూటికి నూరు చూసి సరిపోల్చాలి. అంటే ఇంకో ఉద్యోగి ఇంకో తెర ముందు కూర్చోవాలి. ఫోను రోగానికి సర్కారు వైద్యం ఇలాగే ఉంటుంది, మోతాదు పెంచుతారు.

పంతుళ్లను తలుచుకోకపోతే పాపం. 2022 ఆగస్టులో బడి గేటు దాటగానే మొహాన్ని ఫోనుకు చూపి హాజరు వేసుకోమన్నారు, అదీ సొంత ఫోనులో. సంఘాలు గోల చేశాయి. మొహం చూపించి, మధ్యాహ్న భోజనం ఫొటో తీసి, మరుగుదొడ్డి ఫొటో తీసి, అవన్నీ ఎక్కించి, ఊపిరి పీల్చుకుని తరగతిలోకి వెళ్లిన పంతులు పిల్లలకు సెల్‌ఫోన్ వల్ల కలిగే నష్టాలు అనే వ్యాసం రాయించాల్సి వచ్చేది. ఇంటిపని మళ్లీ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాల్సి వచ్చేది.

ఫోను లేకుండా జనం ఉండలేరనేది మాత్రం అబద్ధం. ఉంటారు, పనికొచ్చే కారణం చూపిస్తే. తిరుమలలో దర్శనానికి పోయే ముందు ఫోను కౌంటర్లో ఇచ్చేస్తాం. కంపార్టుమెంట్లలో ఎన్ని గంటలు కూర్చోబెట్టినా ఎవరికీ చేతులు వణకవు. పక్కవాళ్లది ఏ ఊరో అడుగుతాం, డోన్ అంటే రైలు మారే చోటు కదా అంటారు, పులిహోర పంచుకుంటాం. పరీక్షలదీ అంతే. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడిపోయి నంద్యాల జిల్లా పుట్టింది, డోన్ అందులోకి పోయింది. ఆ నెల తిరక్కుండానే కొలిమిగుండ్ల మండలంలోని ఒక సెంటరు నుంచి పదో తరగతి తెలుగు పేపరు వాట్సాప్‌లోకి ఎక్కి, కొత్త జిల్లాకు రాష్ట్రమంతా పేరొచ్చింది. అప్పట్నుంచి పరీక్ష సెంటర్లలో పెద్ద సార్ల ఫోన్లకు కూడా చోటు లేదు. ఆకాశం ఊడిపడలేదు.

మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచె వడ్గావ్ అనే చెరకు రైతుల ఊరుంది. 2022 ఆగస్టు 15 నుంచి అక్కడ రోజూ సాయంత్రం ఏడింటికి సైరన్ మోగిస్తారు. గంటన్నర టీవీ, ఫోను బంద్. పిల్లలు చదువుకోవాలి. ఇది మన డోన్‌లో పెడితే ఎలా ఉంటుందని ఒక టీ అంగట్లో అడిగాను. స్టేషను దగ్గర ఎన్ని కూతలు మోగినా ఇది కూడా ఇంకో బండే అనుకుంటారని ఒకాయన. ఏడింటికి బంద్ అంటే ఆరున్నరకే అందరూ చార్జింగు పెట్టుకుని ఎనిమిదిన్నర కోసం చూస్తారని ఇంకొకాయన. టీ కాసే ఆయన ఒక్కడే అసలు మాట అన్నాడు. "సైరను మోగితే నేను ఆపుతా అన్నా. ఆ టైములో నాకొచ్చే ఓటీపీలు ఆగుతాయా?"

2025 జనవరి 30న రాష్ట్ర సర్కారువారి మన మిత్ర వచ్చింది. మొదట 161 సేవలు, అన్నీ వాట్సాప్‌లో. ఆఫీసుల చుట్టూ తిరగొద్దు, ఫోను తెరిస్తే చాలు. మంచిదే. తిరగలేనివాళ్లకు మహా మంచిది. నేను అడిగేది చిన్నది. ఫోను తెరవనివాడు నడిచి వస్తే అతనికి కూడా అదే పని, అదే రోజు, ఒక కాగితం మీద చేసిపెట్టే బల్ల ఒకటి ఉంచమని. ఏడు సూత్రాలు ముందు ఆఫీసులు పాటించాలి. వారానికి ఒక్క పూట ఓటీపీ ఉపవాసం. ఫొటో అడక్కుండా మనిషిని చూసి మనిషి వచ్చాడని రాసుకోవడం. అలవాటు తప్పింది కాబట్టి మొదట్లో కాస్త చేతులు వణుకుతాయి. ధ్యానం చేయమనండి.

ఇదే సంగతి అర్జీగా పెడదామని ఒక సోమవారం వెళ్లాను. ఆఫీసు బయట చెట్టు కింద అర్జీలు రాసే ఆయన శ్రద్ధగా విని, నాకంటే బాగా రాశాడు. రాసి, కలం ఆపాడు.

"ఫోన్ నంబరు చెప్పన్నా."

"ఇందులో సంగతే అది కదప్పా. ఫోను లేకుండా తీసుకోమని."

"సంగతి సంగతే, నంబరు నంబరే. గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు ముందుకు జరగదు."

"లేదనుకో."

"లేనోళ్లకందరికీ నా నంబరే ఏస్తాన్లే" అని రాసేశాడు. "జవాబు నాకే వస్తాది. మీ సమస్య పరిష్కారమైందా, అయితే ఒకటి నొక్కండి అంటారు. నేను నొక్కేస్తా, నువ్వు మళ్లీ ఇంత దూరం రాబాక."