టు-లెట్: గాలి, వెలుతురు, నిఘా

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాడేరు, పార్వతీపురం, పుట్టపర్తి, రాయచోటి లాంటి ఊళ్ళు తెల్లారేసరికి జిల్లా కేంద్రాలైపోయాయి. అలాంటి ఊరే మాదీనూ. కలెక్టరు గారు వచ్చి కుర్చీలో కూర్చునే లోపే ఇక్కడ అద్దెలు లేచి నిలబడ్డాయి. 2016 దసరాకి తెలంగాణలో 10 జిల్లాలు 31 అయినప్పుడు కూడా ఇదే తంతని అక్కడి మిత్రులు చెబుతుంటారు. పాలన ప్రజల ముంగిటికి వచ్చింది నిజమే. ముంగిలి మాత్రం అద్దెకి.

ఉద్యోగుల ఇంటద్దె భత్యం ఎంత శాతమో ట్రెజరీ గుమాస్తా ఫైలు చూసి చెప్పాలి. మా ఊరి ఓనర్లు జీవో నంబరుతో సహా నోటికి చెబుతారు. భత్యం పెరిగిన నెలలోనే అద్దే పెరుగుతుంది. మధ్యలో ఉద్యోగి ఎందుకు, నేరుగా ఓనరు ఖాతాలోనే వేసేస్తే ఖజానాకి శ్రమ తగ్గుతుంది కదా!

మా ఊరికి రైలు లేదు. రైలు కూత వినాలంటే రెండు బస్సులు మారాలి. అపార్ట్‌మెంట్లు మాత్రం వచ్చేశాయి. అంటే హైదరాబాదు వాళ్ళు ఊహించుకునేవి కాదు. కింద ఓనరు, పైన మూడంతస్తుల్లో మనం. లిఫ్టు ఉంది. అందులో ఓనరు గారి వడ్ల బస్తాలున్నాయి. అవి ఎక్కడికీ వెళ్ళవు కాబట్టి లిఫ్టూ వెళ్ళదు.

బోర్డు కనబడింది కదా అని నేరుగా వెళ్ళి తలుపు కొట్టకూడదు. ముందు వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర ఆగాలి. అక్కడ మన వివరాలు తీసుకుని పైకి పంపిస్తారు. ఆనక ఇంటర్వ్యూ. గ్రూప్-1కి ఇంటర్వ్యూ ఉండాలా వద్దా అని ప్రభుత్వాలు ఊగిసలాడాయి గానీ మా ఓనర్లకి ఆ సందేహం ఎన్నడూ లేదు. "మీదేవూరండీ?" మొదటి ప్రశ్న. "ఇంటిపేరు?" రెండోది. ఈ రెంటితో లెక్క తేలకపోతే "అంటే... మీరేమిట్లండీ?" అని మూడోది సూటిగానే వస్తుంది. రాజ్యాంగం 1950లోనే బయల్దేరిందట, మా వీధికి ఇంకా అందలేదు. (ఇక్కడ కొరియర్ల సంగతి తర్వాత చెబుతాను.)

జవాబు నచ్చకపోతే మొహం మీద లేదనరు. అంత అమర్యాద మా ఊళ్ళో లేదు. "అయ్యో, నిన్ననే మా తోడల్లుడి గారబ్బాయికి మాటిచ్చేశామండీ" అంటారు. బోర్డు మాత్రం మరో ఆర్నెల్లు వేలాడుతూనే ఉంటుంది. ఊళ్ళో ఖాళీగా ఉన్న ప్రతి ఇల్లూ మాట్లాడేసుకుని ఒక్కదాంట్లోనూ దిగని ఆ తోడల్లుడి గారబ్బాయిని ఒకసారి చూడాలని నా కోరిక.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటే లీజుని రిజిస్టరు చేయించాలి. అందుకని దేశమంతా పదకొండు నెలలకే ఒప్పందం రాసుకుంటుంది. ఇక్కడ అదీ లేదు. "మన మధ్య కాగితాలేంటండీ" అంటారు. అడ్వాన్సు మాత్రం కాగితాల్లోనే, అన్నీ అయిదు వందలవి. 2021లో కేంద్రం ఒక నమూనా అద్దె చట్టం తయారు చేసింది. ఇంటికి రెండు నెలల అద్దెకి మించి డిపాజిట్ తీసుకోకూడదట. ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలట. మా ఓనరు గారికి చదివి వినిపించాను. మొదటి ముక్క ఆయనకి వినబడలేదు. రెండోది బాగా నచ్చింది. ఇరవై నాలుగు గంటలూ రావచ్చని ఖాయం చేసుకున్నారు.

ఈ మేడ కట్టింది వాళ్ళబ్బాయి, డాలస్ నుంచి పంపిన డాలర్లతో. ఆ బాబు ఊరికి రావడం ఏ సంక్రాంతికో. గేటుకీ మెట్లకీ బిగించిన కెమెరాల్లోంచి చూస్తే మాత్రం రోజూ ఇక్కడే కాపురం. డాలస్‌కీ మనకీ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా. పూర్వజన్మ సుకృతం అంటే ఇదే: పగటి డ్యూటీ తండ్రిగారిది, రాత్రి డ్యూటీ కొడుకుగారిది. ఓ అర్ధరాత్రి ఆఖరి బస్సు దిగి, చప్పుడు కాకుండా గేటు మూసి లోపలికి వెళ్తుంటే ఫోను మోగింది. "అంకుల్, గొళ్ళెం సరిగ్గా పడలేదండీ." కింద పడుకున్న తండ్రిగారికి నిద్రాభంగం కాకూడదని సముద్రాలు దాటి చేసిన ఫోను. పితృభక్తికి దండం పెట్టి వెనక్కెళ్ళి గొళ్ళెం వేశాను. "థాంక్స్ అంకుల్, సంచి బరువుగా ఉన్నట్టుందే?" అన్నాడు. సంచిలో బెండకాయలో చేపలో కెమెరా చెప్పలేదు. ఆ శాఖ ఓనరమ్మ గారి ముక్కుది.

కరెంటు వాళ్ళు మొదటి 30 యూనిట్లకి యూనిట్‌కి రూపాయి తొంభై పైసలు వసూలు చేస్తారు. ఓనరు గారి సబ్‌మీటరులో మొదటి యూనిట్ నుంచే పది రూపాయలు. ఇదేంటండీ అంటే "వైరింగు మాది కదండీ" అన్నారు. బోరు మోటారు స్విచ్చి ఆయన మంచం పక్కన ఉంటుంది. అందుకే ఆ వైరింగు మీద నేనింకేం మాట్లాడలేదు.

కొరియర్ సంగతి చెబుతానన్నాను. మా అడ్రసు 'పాత సినిమా హాలు వెనక'. ఆ హాలు ఫంక్షన్ హాలయింది. డెలివరీ కుర్రాడు దాని ముందు నిలబడి సినిమా హాలేదని అందర్నీ అడిగి, చివరికి బస్టాండు పక్క మందుల షాపులో పార్సిలిచ్చి పోతాడు. షాపాయన మంచివాడు, విప్పడు. విప్పకుండానే అందులో ఏముందో మనం వెళ్ళేలోగా నలుగురికీ చెప్పి ఉంచుతాడు.

ఇప్పుడు నాకు బదిలీ అయింది. అడ్వాన్సు అడిగితే ఓనరు గారు గోడకి నేను కొట్టిన మేకు చూపించి, మేడంతటికీ రంగులకయ్యే ఖర్చు చెప్పారు. అది పోను మిగిలింది కూడా "మీ తర్వాత దిగేవాళ్ళు అడ్వాన్సు ఇవ్వగానే ఇచ్చేస్తానండీ, నా దగ్గరెక్కడుంది" అన్నారు. కనుక మీలో ఎవరికైనా ఇటువైపు పోస్టింగు పడితే మొహమాటపడకండి. ఇల్లు బ్రహ్మాండంగా ఉంటుంది. గాలీ వెలుతురూ పుష్కలం, ఓనర్లు దేవుళ్ళు, రాత్రి పూట దొంగల భయం అసలే లేదు. ఇంటిపేరు మాత్రం ముందుగా వాట్సాప్ చెయ్యండి.