ఒక్క కామా మారిస్తే

హైదరాబాదులో హైటెక్ సిటీ చుట్టుపక్కల ఏ మోస్తరు కంపెనీలోకి తొంగిచూసినా ఫ్రంటెండ్ వాళ్ల దగ్గర నాలుగైదు వెబ్ యాప్‌లుంటాయి. కస్టమర్లకొకటి, డీలర్లకొకటి, సపోర్టు వాళ్లకొకటి, రిపోర్టులకొకటి, ఎవరు అడిగారో ఎవరికీ గుర్తులేనిది ఇంకొకటి. ఒక్కోదానికి ఒక్కో గిట్ రెపో. అన్నిట్లోనూ వాడే బటన్లు, ఫారాలు, టేబుళ్లు మాత్రం ఆరో రెపోలో కాపురముంటాయి.

ఈ వ్యాసకర్త పనిచేసే చోట ఒకసారి మార్కెటింగ్ వాళ్లు బటన్ నీలం కాస్త ముదురుగా ఉంటే బాగుంటుందన్నారు. మార్చాల్సింది ఒక్క లైను. ఆ లైను మార్చి, ఆరో రెపోలో వెర్షన్ పెంచి, ఎన్‌పీఎమ్ ప్యాకేజీగా పబ్లిష్ చేసి, తక్కిన ఐదు రెపోల్లోనూ ఆ వెర్షన్ నంబరు మార్చి, ఐదు పుల్ రిక్వెస్టులు పెట్టి, ఐదుగురు రివ్యూయర్లను బతిమాలుకునేసరికి, డీలర్ల యాప్ ఇంకా పాత వెర్షన్ మీదే ఉందనీ, దాన్ని కదిపితే డ్రాప్‌డౌన్ పడిపోతుందనీ తేలింది. కొన్నాళ్లపాటు ఆ కంపెనీకి మూడు రకాల నీలాలుండేవి. మార్కెటింగ్ వాళ్లు దానికీ ఏదో బ్రాండ్ కథ అల్లుకున్నారని వినికిడి.

సరిగ్గా ఇలాంటప్పుడే మీటింగులో ఎవరో ఒకరు "గూగుల్ వాళ్లది మొత్తం ఒకటే రెపో అట కదా" అంటారు. అబద్ధం కాదు. గూగుల్ ఇంజనీర్లు రేచెల్ పాట్విన్, జాష్ లెవెన్‌బర్గ్ 2016లో రాసిన వ్యాసం ప్రకారం, 2015 జనవరి నాటికే ఆ ఒక్క రెపోలో సుమారు 200 కోట్ల లైన్ల కోడు, 86 టెరాబైట్ల డేటా, 3.5 కోట్ల కమిట్లు ఉన్నాయి. అదే వ్యాసంలో మనవాళ్లు దాటేసే భాగం ఒకటుంది: ఇంత బరువు మోయడానికి గూగుల్ పైపర్ అనే వెర్షన్ కంట్రోల్ సిస్టమ్‌నే సొంతంగా కట్టుకుంది. మీటింగులో ఈ సంగతి ఎవరూ ఎత్తరు. ఎత్తినవాడి నెత్తిన ఆ పని పడుతుంది.

అలా ఈ వ్యాసకర్త కంపెనీలోనూ రెపోలన్నీ కలిపేశారు. ఇలా అన్నీ ఒకేచోట ఉండే మోనోరెపో అనగానే ఉమ్మడి కుటుంబంతో పోల్చడం ఆనవాయితీ. పోలిక బాగానే అతుకుతుంది గానీ, పప్పులో ఉప్పు ఎక్కువ వేసిందెవరో అక్కడ భోజనాల దగ్గరే తెలిసిపోతుంది. ఇక్కడ గిట్ బ్లేమ్ కొట్టాలి.

కలపడం వరకూ సులువే. యార్న్‌లో వర్క్‌స్పేస్‌లు ముందునుంచీ ఉన్నాయి, 2020లో వచ్చిన ఎన్‌పీఎమ్ 7లోకీ అవి చేరాయి. ఒకే రెపోలో ప్యాకేజీలన్నీ పెట్టుకుంటే, పబ్లిష్ గొడవ లేకుండా ఒకదాన్నొకటి వాడుకుంటాయి. చిక్కంతా ఆ తర్వాత. ఒక యాప్‌లో అచ్చుతప్పు దిద్దినా సీఐ అన్ని యాప్‌లనూ బిల్డ్ చేస్తుంది, అన్ని టెస్టులూ నడుపుతుంది. పుల్ రిక్వెస్ట్ పెట్టి టీకి వెళ్లినవాడు సమోసా తిని, ఇంకో టీ తాగి, రాజకీయాలు మాట్లాడి వచ్చినా పచ్చ టిక్కు కనపడదు. క్యాంటీన్ వ్యాపారం మాత్రం దివ్యంగా సాగింది.

అప్పుడు దిగింది ఎన్ఎక్స్. గూగుల్‌లో ఆంగ్యులర్ టీమ్ నుంచి బయటికొచ్చిన జెఫ్ క్రాస్, విక్టర్ సావ్కిన్ మోనోరెపోల బిల్డు పని చూసుకోవడానికి తయారుచేసిన సరుకు ఇది. మొదట్లో ఆంగ్యులర్ సీఎల్ఐకి తగిలించుకునే ఎక్స్‌టెన్షన్, తర్వాత రియాక్ట్, వ్యూ, నెక్స్ట్ అన్నిటికీ పాకింది. జావాస్క్రిప్ట్ మోనోరెపోలకు పాత పెద్దదిక్కైన లెర్నా ఆలనాపాలనా కూడా 2022 నుంచి వీళ్లదే. పోటీగా టర్బోరెపో ఉంది, దాన్ని 2021 చివర్లో వెర్సెల్ కొనేసింది. రెంటిలో ఏది మేలని మాత్రం పదిమందిలో అడగకూడదు. అడిగితే ఆ సాయంత్రం ఇంకే పనీ జరగదు.

ఎన్ఎక్స్ జీవమంతా ప్లగిన్లలో ఉంది. రియాక్ట్‌కొక ప్లగిన్, వీట్‌కొకటి, ఈఎస్‌లింట్‌కొకటి, ప్లేరైట్‌కొకటి. కొత్త లైబ్రరీ కావాలంటే ఒక కమాండు చాలు: ఫోల్డరు, టైప్‌స్క్రిప్ట్ కాన్ఫిగ్, టెస్టుల ఏర్పాటు అన్నీ అదే చూసుకుంటుంది. 2024 మొదట్లో వచ్చిన 18వ వెర్షన్ నుంచి ఇంకో అడుగు ముందుకేసింది. ఫోల్డర్లో వీట్ కాన్ఫిగ్ ఫైలు కంటపడితే, ఇక్కడ బిల్డ్ ఉండాలి, సర్వ్ ఉండాలి అని ప్లగినే గ్రహించేసుకుంటుంది. ఎవరూ ఏమీ రాయక్కర్లేదు.

కొత్తగా చేరిన అమ్మాయి "అన్నా, ఈ బిల్డ్ కమాండ్ ఎక్కడ రాశారు?" అని అడిగింది. టీమ్ లీడ్, ప్రాజెక్ట్ ఫైలు తెరిచాడు. లేదు. ప్యాకేజ్ ఫైలు తెరిచాడు. అక్కడా లేదు. "ఎక్కడా రాయలేదమ్మా, దానికే తెలుస్తుంది" అన్నాడు. హరికథలో అయితే చప్పట్లు పడేవి. ఎన్ఎక్స్ షో ప్రాజెక్ట్ అని కొడితే ఏ టాస్కు ఏ ప్లగిన్ పుణ్యమో చూపిస్తుందని ఆ అమ్మాయే సాయంత్రానికి కనిపెట్టి, లీడ్‌కి నేర్పింది.

అసలు మహత్తు గ్రాఫ్‌లో ఉంది. ఏ ప్రాజెక్టు దేన్ని ఇంపోర్ట్ చేసుకుంటోందో కోడు చదివి ఎన్ఎక్స్ తనంతట తానే పటం గీసుకుంటుంది. అఫెక్టెడ్ అనే కమాండు నడిచేది ఆ పటం ఆధారంగానే. మెయిన్ బ్రాంచ్‌తో పోల్చి, మారిన ఫైళ్లు ఏ ప్రాజెక్టువో చూసి, ఆ ప్రాజెక్టులనూ వాటి మీద ఆధారపడ్డవాటినీ మాత్రమే బిల్డ్ చేస్తుంది. డీలర్ల యాప్‌లో తప్పు దిద్దితే డీలర్ల యాప్ ఒక్కటే కదలాలి. క్యాంటీన్‌కి గిరాకీ తగ్గాలి.

తగ్గలేదు.

కారణం ఒక టికెట్‌తో బయటపడింది. కస్టమర్ల యాప్‌లో లక్ష రూపాయలు 1,00,000 అని రావాల్సింది 100,000 అని వస్తోంది. నంబర్ ఫార్మాట్ ఫంక్షన్లో లొకేల్ 'యూఎస్' బదులు 'ఐఎన్' అని రెండక్షరాలు మార్చారు, కామా తన చోటికి వచ్చింది. అఫెక్టెడ్ కొడితే రెపోలో ఉన్న ప్రాజెక్టులన్నీ బారులు తీరాయి. ఒక్క రూపాయి కూడా చూపని సపోర్టు యాప్‌తో సహా.

గ్రాఫ్‌ను మీటింగ్ రూములో పెద్ద తెర మీద వేశారు. ఎటు చూసినా బాణాలు, అన్నీ ఒకే పెట్టె మీదికి. దాని పేరు షేర్డ్ యుటిల్స్. ఆ పెట్టె తెరిస్తే తేదీలు తిప్పే ఫంక్షన్లున్నాయి, ఫోన్ నంబర్లు సరిచూసేవున్నాయి, వాడకం మానేసిన పేమెంట్ గేట్‌వే కోడ్‌లున్నాయి, రాష్ట్రాల జాబితాలు రెండున్నాయి. రెంటిలో ఒకదానిలో తెలంగాణ లేదు. రాష్ట్రం వచ్చింది 2014లో. ఆ జాబితా ఏ రెపో నుంచి, ఏ కాపీ పేస్టు దారిన అక్కడికి చేరిందో పరిశోధన చేయాల్సిన విషయం. సపోర్టు యాప్ వాడుకునేది ఈ జాబితానే. జాబితా, కామా ఒకే లైబ్రరీలో ఉన్నాయి గనక, కామా కదిలితే సపోర్టు యాప్ కూడా కదిలింది. ఎన్ఎక్స్ ప్రాజెక్టుల లెక్కన చూస్తుంది గానీ ఫంక్షన్ల లెక్కన చూడదు.

"అంటే ప్లగిన్ సరిగ్గా పనిచేయడం లేదా?" అన్నాడు మేనేజరు.

"చేస్తోంది సార్. అదే గొడవ."

క్యాష్ దగ్గర ఇంకో తమాషా. బిల్డ్‌కి కావాల్సిన ఫైళ్లు, సెట్టింగులు అన్నీ కలిపి ఎన్ఎక్స్ ఒక హ్యాష్ కడుతుంది. అదే హ్యాష్‌తో ముందే పని జరిగి ఉంటే మళ్లీ చేయదు, పాత ఫలితాన్ని పాత లాగ్‌తో సహా తీసి చేతిలో పెడుతుంది. బిల్డ్ రెప్పపాటులో అయిపోతే మనవాళ్లకు సంతోషం కన్నా అనుమానం ముందు పుడుతుంది. వెంటనే ఎన్ఎక్స్ రీసెట్ కొట్టి, క్యాష్ అంతా కడిగేసి, మొదట్నుంచి మళ్లీ బిల్డ్ చేయించి, అదే ఫలితం వచ్చాక గానీ మనసు కుదుటపడదు. అనుమానం పూర్తిగా అకారణమూ కాదు. బిల్డ్ ఏదైనా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చదువుతుంటే ఆ సంగతి ఇన్‌పుట్స్‌లో చెప్పాలి. చెప్పకపోతే ఏపీఐ చిరునామా మారినా హ్యాష్ మారదు, టెస్ట్ సర్వర్ కోసం వండిందే ప్రొడక్షన్‌లో వడ్డిస్తుంది.

సీఐలో ఇంకో మెలిక. గిట్‌హబ్ యాక్షన్స్ మామూలుగా చివరి కమిట్ ఒక్కటే దించుకుంటుంది. పోల్చడానికి పాతది లేకపోతే అఫెక్టెడ్ ఏం చేస్తుంది పాపం? ఫెచ్ డెప్త్ సున్నా అని పెట్టాలి. సున్నా అంటే ఏమీ వద్దని కాదు, చరిత్ర మొత్తం కావాలని.

2025 ఆగస్టు 26న మాత్రం నవ్వుకునే పని జరగలేదు. ఎన్ఎక్స్ పేరు మీదే ఎన్‌పీఎమ్‌లోకి కల్తీ వెర్షన్లు ఎక్కాయి. దొంగలకు సందు దొరికింది పుల్ రిక్వెస్ట్ టైటిల్ దగ్గర. గిట్‌హబ్ వర్క్‌ఫ్లో ఒకటి ఆ టైటిల్‌ను వడకట్టకుండా షెల్ కమాండ్లో కలిపేసేది. కల్తీ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అవగానే గిట్‌హబ్, ఎన్‌పీఎమ్ టోకెన్లు, ఎస్ఎస్‌హెచ్ కీలు ఏరుకుని, బాధితుడి సొంత గిట్‌హబ్ ఖాతాలోనే పబ్లిక్ రెపో తెరిచి అందులో పడేసింది. వెతుకులాటకు అతని మిషన్లోని ఏఐ టూల్స్‌నే పనిలో పెట్టుకుంది. పోతూ పోతూ, టెర్మినల్ తెరిస్తే మిషన్ ఆరిపోయేలా షట్‌డౌన్ కమాండ్ రాసి మరీ పోయింది. కొన్ని గంటల్లో ఆ వెర్షన్లను తీసేశారు. ఆ లోపల ఎందరో తమ లాక్ ఫైళ్లు తెరిచి నంబర్లు చూసుకున్నారు. ఈ వ్యాసకర్త టీమ్‌కి ఏమీ కాలేదు. అప్‌గ్రేడ్ టికెట్ స్ప్రింట్ తర్వాత స్ప్రింట్‌కి జరుగుతూ వస్తోంది మరి. బద్ధకాన్ని సెక్యూరిటీ విధానంగా రిపోర్టులో ఎలా రాయాలో మేనేజరుకి తోచలేదు.

ఆఖరికి షేర్డ్ యుటిల్స్‌ను ముక్కలు చేశారు. డబ్బు లెక్కలకొక లైబ్రరీ, తేదీలకొకటి, చిరునామాలకొకటి. ప్రతి ప్రాజెక్టుకీ ట్యాగులు తగిలించి, ఎవరు ఎవరిని ఇంపోర్ట్ చేసుకోవచ్చో ఎన్ఎక్స్ ఈఎస్‌లింట్ ప్లగిన్లోని మాడ్యూల్ బౌండరీస్ రూల్‌తో గిరి గీశారు. గీత దాటితే లింట్ ఎర్రబడుతుంది. బిల్డులు నిజంగానే తగ్గాయి. క్యాంటీన్ అతను ఈమధ్య ఫ్రంటెండ్ వాళ్లు కనపడటం లేదేంటని ఆరా తీశాడు కూడా.

ఆ మధ్య డీలర్ల యాప్‌లో మార్పు చేస్తే కస్టమర్ల యాప్ ఎందుకు బిల్డ్ అవుతోందని ఆ కొత్తమ్మాయి తవ్వింది. ఒక ఇంపోర్ట్ మీద లింట్‌ను ఆపేస్తూ ఎవరో కామెంట్ పెట్టారు, పక్కన 'తాత్కాలికం, రిలీజ్ అయ్యాక తీసేయాలి' అని. గిట్ బ్లేమ్ కొడితే ఆ గీతలన్నీ గీసిన లీడ్ పేరే వచ్చింది. ఆయన ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు. లింక్డ్‌ఇన్‌లో మోనోరెపో ఆర్కిటెక్ట్ అని రాసుకున్నాడు.