ఆప్ట్ గారూ, విడిది ఖాళీ చేయించండి

డెబియన్ లినక్స్‌లో ప్యాకేజీలు దించే, తీసే మహారాజశ్రీ ఆప్ట్ గారి దివ్యసముఖానికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అనాలి గానీ క్షేమమంతా తమ వైపే ఉంది. ఇటువైపు డిస్కు నిండుతోంది. లిబ్‌ఓపెన్‌సీవీ-డెవ్ అనే ఒక్క లైబ్రరీ ఇన్‌స్టాల్ చేయమంటే తమరు పెళ్లికొడుకుతో పాటు బలగం మొత్తాన్ని విడిదిలో దించుతారు. హెడర్ ఫైళ్లకు అసలు లైబ్రరీలు కావాలి, వాటికి బొమ్మలవీ వీడియోలవీ మరికొన్ని కావాలి. దానికెవరూ అభ్యంతరం చెప్పరు. రిమూవ్ అన్నప్పుడు మాత్రం పెళ్లికొడుకు ఒక్కడే బండెక్కుతాడు. పైగా తమరే జాబితా చదువుతారు: ఇవి వెంట వచ్చినవి, ఇక అక్కర్లేదు, కావాలంటే ఆటోరిమూవ్ కొట్టుకోండి అని. అక్కర్లేదని తెలిసింది నీకు, తీసే అధికారం నీది, సుడో పాస్‌వర్డ్ కూడా ఇచ్చాం. ఇంకేం కావాలయ్యా నీకు, తాంబూలమా?

ఆటోరిమూవ్ ఉండగా ఈ గోలేమిటని అడిగేవాళ్లుంటారు. ఏ లైబ్రరీ వెంట ఎవరొచ్చారన్న లెక్క దానికి లేదు. ‘వెంట వచ్చినది’ అన్న ముద్ర ఉందా, ఇప్పుడు ఎవరికైనా కావాలా అన్నదే చూస్తుంది. ముద్ర ఉన్నదాని పేరు పొరపాటున మళ్లీ ఇన్‌స్టాల్ అని కొట్టామా, ముద్ర చెరిగిపోతుంది, ఇక అది శాశ్వత నివాసి. అసలు మెలిక చుట్టరికాల్లో ఉంది. డిపెండ్స్ (తప్పనిసరివి) సరే, 2009లో వచ్చిన డెబియన్ 5.0 నుంచి రికమెండ్స్‌నూ (ఉంటే మంచివి) అడక్కుండానే దించుతున్నావు. సజెస్ట్స్‌ను (కావాలంటే పెట్టుకునేవి) మాత్రం పేరు చదివి వదిలేస్తావు, అంతవరకు న్యాయమే. తీరా వెంట వచ్చిన ప్యాకేజీని పంపాల్సి వచ్చేసరికి, ఏదో ఒక ప్యాకేజీ దాన్ని సజెస్ట్ చేస్తోందని తెలిస్తే చాలు, కదిలించవు. పిలుపుకు చాలని చుట్టరికం తిష్ఠకు ఎలా చాలింది? సెట్టింగు మార్చుకోవచ్చు, నిజమే. మార్చుకోవాల్సింది మేమా?

జాగ్రత్త కోసమే అంటావు. ఎవరో సొంతంగా కంపైల్ చేసుకున్న ప్రోగ్రాం ఆ లైబ్రరీ మీద ఆధారపడి ఉండొచ్చు, నీకది కనపడదు. బలమైన వాదనే, కాదనను. కానీ ఫెడోరా వాళ్లూ సొంతంగా కంపైల్ చేసుకుంటారు. అక్కడ నీ పనే చేసే డీఎన్‌ఎఫ్ రిమూవ్ అనగానే పనిలేని బలగాన్నీ మామూలుగా తీసేస్తుంది, ఏవేవి పోతాయో ముందు చూపించి మరీ. ఇక నీ జాగ్రత్త సంగతా? 2021లో నువ్వే ప్యాకేజీలు చూసే పాప్ ఓఎస్ మీద గేముల స్టీమ్ ఇన్‌స్టాల్ చేయబోయిన యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ చేత ‘అవును, నేను చెప్పినట్టే చెయ్యి’ అని ఇంగ్లిషులో టైపు చేయించుకుని డెస్క్‌టాప్‌నే ఊడబెరికావు. తప్పు ప్యాకేజీ డిపెండెన్సీలది, హెచ్చరించావు కూడా, ఒప్పుకుంటాం. ఆ గొడవ తర్వాతే కదా 2.3.12 వెర్షన్‌లో అత్యవసర ప్యాకేజీలను తీసే ఆలోచనే మానుకున్నావు! అంటే అలవాటు మార్చుకోవడం చేతకాక కాదు.

రిమూవ్ అంటే కాన్ఫిగ్ ఫైళ్లు ఉంచడం, పర్జ్ అంటే అవీ తీయడం అన్న తేడా గురించి మరోసారి. డెబియన్ 12లో పైథాన్ ప్యాకేజీలు దించే పిప్‌ను గుమ్మంలోనే ఆపి, కాదూ కూడదంటే ‘సిస్టం ప్యాకేజీలను విరగ్గొట్టు’ అనే ఆప్షన్ మా చేతే రాయించే మర్యాద గురించి కూడా. ఇప్పటికి ఒక్కటే. ఆ జాబితా చదివాక ‘వీటినీ తీసెయ్యనా?’ అని అడుగు. వై అని ఒక్క అక్షరం కొడతాం. సజెస్ట్స్ చుట్టాలని కూడా చూడకు, బాబ్బాబు.

ఇట్లు,
సుడో పాస్‌వర్డ్ మళ్లీ కొడుతూ,
తమ వాడుకరి