దిద్దుబాటు నేర్చిన ప్రణాళిక

మిసిసిపీ మహానది వేలయేండ్లుగా ఒండ్రు మోసి తెచ్చి పోసిన లూసియానా తీరభూమి, 1927 నాటి వరదకు జడిసిన ప్రభుత్వము కరకట్టలను మునుపటికంటె గట్టిగా బిగించి ఆ ఒండ్రును నేరుగా సముద్రము పాలు చేయుటచేతను, చమురు కంపెనీలు చిత్తడినేలలను కాలువలతో చీల్చుటచేతను క్షయించుచున్నది. 1932 నుండి పోయినది ఇంచుమించు ఐదువేల చదరపు కిలోమీటర్లు.

ప్రకృతి నడతను ముందుగా ఎవ్వరును పూర్తిగా ఎరుగజాలరు గనుక, చేయుచు, చూచుచు, తప్పినచోట దిద్దుకొనుచు నడువవలెనని హోలింగ్ ప్రభృతి జీవావరణ పండితులు 1978లోనే బోధించిరి. ఈ బోధను శిరసావహించిన రాష్ట్రప్రభుత్వము, కత్రినా తుపాను అనంతరము ఒక సంస్థను నెలకొల్పి, 2007లో తీరరక్షణకై బృహత్ప్రణాళిక రచింపజేసి, 2012లోను, 2017లోను, 2023లోను దానిని దిద్దించెను. తీరమునకు లేని ఆయువు ప్రణాళికకు కలదు.

అందు శిరోరత్నము బరటారియా మళ్లింపు. కరకట్టకు తూము పెట్టి, మన లెక్కలో 75,000 క్యూసెక్కుల వరకు బురదనీటిని చిత్తడిలోనికి వదలదలచిరట. ఖర్చు సుమారు 300 కోట్ల డాలర్లు, అదియు అధికభాగము 2010లో మెక్సికో గల్ఫును నూనెపాలు చేసిన బీపీ కంపెనీ చెల్లించిన పరిహారమునుండి. మంచినీరు పడి డాల్ఫిన్లకు ప్రాణాపాయమనగా, వానికి ఓటుహక్కు లేదు గనుక, 2018లో అమెరికా కాంగ్రెసు చట్టముచేసి ఆ చిక్కు విడదీసెను. ఆలుచిప్పల సాగువారికిని రొయ్యలవేటగాండ్రకును మాత్రము ఓట్లుండెను; వారి గోడు కల్ల కాదు, ఉప్పు తగ్గినచో వారి జీవనము తెగును. తలుపులు ఎప్పుడెత్తవలెనో, ఎప్పుడు దింపవలెనో, ఏమేమి కొలిచి ఏమేమి దిద్దుకొనవలెనో తెలుపు గ్రంథము కూడ తూము కట్టకమునుపే సిద్ధమైయుండెను.

2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగెను. 2024లో గవర్నరు మారెను. కొత్త ప్రభువు ఇది తీరవాసుల సంస్కృతికే చేటనెను, వ్యాజ్యములు సాగెను, 50 కోట్ల డాలర్లకు పైగా వ్యయమైన పిమ్మట, 2025 జూలైలో పథకము రద్దయ్యెను. నీటిని, ఉప్పును, ఒండ్రును చూచి నేర్వవలసిన విద్యను గవర్నరుగారి ముఖము చూచి నేర్చిరి. చేయుటయను మొదటి మెట్టు ఎక్కకయే దిద్దుకొనుటలో ఉత్తీర్ణులైరి.

ఇప్పుడు దానికి బదులుగా ఇంతకంటె చిన్న మళ్లింపొకటి చేయనెంచినారట. దానిపై మరల అధ్యయనము జరుగవలసియున్నది.