సొంతిల్లు అద్దెకివ్వండి, బడి పక్కన అద్దెకుండండి

స్కూలు చూసి ఇల్లు కొనాలా, ఇల్లు కొనుక్కుని స్కూలు వెతుక్కోవాలా అన్న వాదన హైదరాబాద్ ఏఎస్ రావు నగర్ ఇళ్లలో అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే మొదలవుతుంది. నా సలహా ఆ రెండింటిలో ఏదీ కాదు. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నన్నాళ్లూ ఇల్లు కొనకండి. ఇప్పటికే కొనేసి ఉంటే దాన్ని అద్దెకిచ్చేసి, బడి గేటుకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఓ పోర్షన్ తీసుకోండి. రెండు గదులే ఉన్నా, లిఫ్టు లేకపోయినా, బాల్కనీలోంచి పక్కింటి గోడ తప్ప ఇంకేమీ కనపడకపోయినా తీసుకోండి. వినగానే తప్పనిపిస్తుంది, తెలుసు. అయినా పూర్తిగా నమ్మే చెప్తున్నాను.

అమెరికాలో ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఉన్న మనవాళ్లు ఇల్లు కొనేముందు ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ అని చూసుకుంటారు. అక్కడ చూసుకోవాల్సిందే. ఇంటి అడ్రసును బట్టే ప్రభుత్వ బడిలో సీటు వస్తుంది, ఇళ్ల మీద కట్టే ఆస్తిపన్నే ఆ బడికి పెద్ద ఆధారం. 1999లో సాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త మసాచుసెట్స్‌లో బడుల సరిహద్దు గీతకు అటూ ఇటూ ఉన్న ఇళ్ల ధరలు పోల్చి చూసింది. పరీక్ష మార్కులు 5 శాతం మెరుగ్గా ఉన్న వైపు ఇంటికి జనం 2.5 శాతం ఎక్కువ పెడుతున్నారని తేలింది. ఆ అలవాటు ఫోన్లలో ఇక్కడికీ వచ్చింది. 'మంచి స్కూళ్లున్న ఏరియా' అని బిల్డరు అనగానే చదరపు అడుక్కి ఇంకొంచెం పెట్టడానికి సిద్ధపడుతున్నాం.

కానీ ఇక్కడ ఆ గీతే లేదు. కాప్రా పిల్లను రామంతాపూర్‌లో చేర్చుకుంటారు, ఘట్‌కేసర్ పిల్లాణ్ణి నాచారంలో చేర్చుకుంటారు. సీటుండి ఫీజు కడితే ఏ ఊరని ఎవరూ అడగరు, బస్సు కూడా పంపిస్తారు. కాబట్టి మన దగ్గర అడ్రసు తెచ్చిపెట్టేది సీటు కాదు. పిల్లల పొద్దు ఎలా గడుస్తుందో తేల్చేదే అడ్రసు. మీరు డబ్బు పెట్టాల్సింది దానికి.

అడ్రసు లెక్కలోకి వచ్చే చోటు ఒకటుంది. కేంద్రీయ విద్యాలయాల్లో ఒకటో తరగతి సీట్లలో 25 శాతం విద్యాహక్కు చట్టం కింద లాటరీలో ఇస్తారు. దానికి నగరాల్లో 5 కిలోమీటర్ల లోపు నివాసం ఉన్నట్టు కాగితం చూపాలి. ఉప్పల్‌లోని కేంద్రీయ విద్యాలయాల మీద ఆశ ఉన్నవాళ్లు అద్దె అగ్రిమెంటు ఆ లెక్కన రాయించుకోండి. అటామిక్ ఎనర్జీ సెంట్రల్ స్కూళ్ల సంగతి వేరు. అణుశక్తి విభాగం ఉద్యోగుల పిల్లల తర్వాతే ఎవరైనా. గోడ పక్కనే ఇల్లు తీసుకున్నా ఆ వరస మారదు.

అసలీ ఏఎస్ రావు నగర్ కాలనీ పుట్టిందే పనికి దగ్గరగా ఉండటం కోసం. 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వచ్చింది, 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ వచ్చింది. ఈసీఐఎల్‌కు ప్రాణం పోసిన అయ్యగారి సాంబశివరావు గారి పేరే కాలనీకి పెట్టుకున్నారు. పనిచేసే చోటుకు దగ్గర్లో కాపురం పెట్టిన ఆ తరం లెక్క సరైనదే. ఇప్పుడు పెద్దవాళ్ల ఆఫీసులు నగరానికి ఆ చివర హైటెక్ సిటీకి చేరాయి. ఆ లెక్కను ఇక పిల్లల వైపు నుంచి వేయాలి. దూరప్రయాణం పెద్దవాళ్లు చెయ్యాలి, పిల్లలు నడవాలి.

బ్రోచర్ పక్కన పడేసి ఉదయం ఆరున్నరకు రోడ్డెక్కండి

'స్కూళ్లన్నీ పది నిమిషాల్లో' అని బ్రోచర్ మీద ఉంటుంది. అది ఆదివారం రాత్రి మ్యాపులో చూసిన పది నిమిషాలు. సోమవారం ఉదయం మీకు నచ్చిన ఆ ఇంటి సందు మొగలో నిలబడండి. నాన్న బండి మీద ముందు కూర్చుని పెట్రోల్ ట్యాంకు మీదికి వాలి నిద్రపోయే పిల్లాడు కనిపిస్తాడు. టై పక్కకు తిరిగి ఉంటుంది, మూతి దగ్గర పేస్టు మరక ఆరిపోయి ఉంటుంది, ఎడమ చేతిలో సగం కొరికిన దోసె ముక్క. స్కూలు బస్సు మలుపు తిరగ్గానే వెనక సీట్లో ఉన్న వాళ్లమ్మ ఆ ముక్క లాక్కుని నీళ్ల సీసా పెడుతుంది. వాడికి మెలకువ వచ్చేది క్లాసులోకి వెళ్లాకే.

వెళ్లడానికి 50 నిమిషాలు, రావడానికి 50 నిమిషాలు అనుకోండి. ఏడాదికి 220 పనిదినాలకు 366 గంటల పైనే. నిద్ర పోను రోజుకు 14 గంటల చొప్పున చూస్తే, ఏడాదిలో 26 రోజులు పిల్లాడు పొద్దున లేచినప్పట్నుంచి పడుకునేదాకా బస్సులోనే కూర్చున్నట్టు. ఏ ఇంటర్నేషనల్ సిలబసూ వాడికి ఆ 26 రోజులు తిరిగివ్వలేదు.

నారపల్లి, బోడుప్పల్ వైపు ఇంకో గది ఎక్కువ వస్తుందని వెళ్లేవాళ్లు ఉప్పల్ రోడ్డును లెక్కలో వేసుకోవాలి. ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. ఆ స్తంభాల మధ్య దుమ్ములో స్కూలు బస్సుల్లో పెరిగిన పిల్లలు ఎందరో. నాచారం, మల్లాపూర్ వైపు ఇండస్ట్రియల్ ఏరియా లారీలు. 2024 ఆగస్టులో హబ్సిగూడ దగ్గర, ఆటోలో స్కూలుకు వెళ్తున్న పదో తరగతి అమ్మాయి ప్రమాదంలో చనిపోయింది. ఇక రోజూ కనిపించే స్కూలు ఆటోలు చూడండి: డ్రైవరు పక్కన చెక్క మీద ఇద్దరు, వెనక ఎనిమిది మంది, బయట కొక్కేలకు వేలాడే బ్యాగులు. ఇలాంటి ఆటోలో పంపాల్సి వచ్చే ఇల్లు ఎంత విశాలంగా ఉన్నా నా దృష్టిలో పనికిరాదు. విద్యాహక్కు నిబంధనలు కూడా ఐదో తరగతి దాకా బడి కిలోమీటరు లోపు, ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపు ఉండాలనే చెప్పాయి. అది సర్కారుకు పెట్టిన నియమం. మన ఇంటికి మనమే పెట్టుకోవచ్చు.

ఇంట్లో ఒకరిది హైటెక్ సిటీ ఉద్యోగమైతే హబ్సిగూడ, నాచారం వైపు బడి చూసుకోండి. రాయదుర్గం దాకా బ్లూ లైన్ 2019 నవంబరు నుంచి నడుస్తోంది, హబ్సిగూడలో ఎక్కితే చాలు. ఏఎస్ రావు నగర్‌కు మెట్రో లేదు. ఆ కష్టం పడాల్సింది మీరే, మీ పాప కాదు. పోచారం ఐటీ వైపో, ఉప్పల్ ఆఫీసుల్లోనో పనిచేసేవాళ్లకు ఈ తూర్పు పక్కే హాయి.

ఇక సొంతింటి మాట. మీ అమ్మగారు అననే అంటారు, "సొంత కొంప పెట్టుకుని అద్దె కొంపలో ఏం ఖర్మరా?" అని. ఆమెకు నెమ్మదిగా చెప్పండి, "అమ్మా, ఇల్లు ఎక్కడికీ పోదు. వీడి రెండో తరగతి పోతే మళ్లీ రాదు." డబ్బు లెక్క కూడా ఆమెకు అర్థమవుతుంది. మన నగరంలో ఫ్లాటుకు ఏడాదికి వచ్చే అద్దె దాని ధరలో మూడు శాతం దగ్గరే తిరుగుతుంది, హోమ్ లోన్ వడ్డీ ఎనిమిది శాతం చుట్టూ ఉంటుంది. స్కూలు కోసమని అప్పు చేసి కొనడం కంటే స్కూలు కోసం అద్దెకుండటం చవక. టులెట్ బోర్డు చూసి లోపలికి వెళ్లినప్పుడు నల్లా నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయో, బోరు ఎండాకాలం పోస్తుందో లేదో అడగండి. అంతకుమించి ఇంటికి వంకలు పెట్టొద్దు.

అన్నిటికంటే మంచి స్కూలు వద్దు

ఏరియాలో మొదటి పేరున్న స్కూలు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉండి, రెండో మూడో పేరున్నది మీ సందులోనే ఉంటే కళ్లు మూసుకుని సందులోదాన్నే ఎంచుకోండి. పెద్ద స్కూళ్ల ర్యాంకుల ఫ్లెక్సీ మీద ఉండే ముఖాల్లో చాలావరకు వేరే బ్రాంచీల పిల్లలవి. మీ పిల్లకు ఆ బ్రాంచీల టీచర్లు రారు. ఫస్టొచ్చిన పిల్లల తల్లిదండ్రుల్ని అడగొద్దు, ఏ స్కూల్లో వేసినా వాళ్లు ఫస్టే వస్తారు. 60 మార్కులు తెచ్చుకునే పిల్లవాడి తల్లిని వెతికి పట్టుకుని, "మీవాణ్ణి టీచర్లు పేరు పెట్టి పిలుస్తారా?" అని అడగండి. ఆమె చెప్పే జవాబే ఆ స్కూలు నాణ్యత.

ఒకటో తరగతి పిల్లకు ఎంట్రన్స్ పెట్టి, తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ చేసే స్కూలైతే అక్కణ్ణుంచే వెనక్కి తిరగండి. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 13వ సెక్షను ఆ పరీక్షల్నీ డొనేషన్లనీ నిషేధించింది. గేటు దగ్గరే చట్టం తప్పినవాళ్లు లోపల పాఠం ఎలా చెప్తారో ఊహించుకోండి.

తెలుగు టీచరును కలవండి

ప్రిన్సిపాల్‌ను కలవడం వల్ల మీకు తెలిసేది ఫీజు వివరాలు. తెలుగు టీచరును కలవనివ్వమని అడగండి. 2018లో తెలంగాణ తెచ్చిన చట్టంతో సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ బడుల్లో కూడా తెలుగు తప్పనిసరి అయింది. ప్రతి స్కూల్లోనూ తెలుగు టీచరు ఉండాలి. యాజమాన్యాలకు అంతగా పట్టని సబ్జెక్టు అదే కాబట్టి స్కూలు అసలు స్వభావం అక్కడ బయటపడుతుంది. ఎన్నేళ్లుగా ఇక్కడ చెప్తున్నారు, జీతం ఒకటో తారీఖున పడుతుందా, వారంలో ఎన్ని పీరియడ్లు? టీచరు ఎనిమిదేళ్లుగా అక్కడే ఉంటే, ఆ పీరియడు తీసేసి ఫౌండేషన్ క్లాసు పెట్టకపోతే, మిగతా సబ్జెక్టులు కూడా బాగానే ఉంటాయి. ఏటా జూన్‌లో కొత్త ముఖాలు కనిపించే బడిలో ఎంత ఏసీ ఉన్నా పిల్లలకు ఆసరా ఉండదు.

సర్కారు బడి చూడకుండా ఏరియా తేల్చొద్దు

మీ పిల్లను పంపకపోయినా సరే, మీరు దిగబోయే చోటికి దగ్గర్లోని ప్రభుత్వ బడి ఎలా ఉందో చూడండి. అక్కడ చెప్పేవాళ్లు టెట్, డీఎస్సీ దాటి వచ్చినవాళ్లు. 2024లో ఒక్క డీఎస్సీకే 11,062 పోస్టులు వేశారు. అన్ని జల్లెడలు దాటిన టీచర్లు పక్క సందులోని ప్రైవేటు బడిలో దొరకడం అరుదు. 2022లో 'మన ఊరు–మన బడి' కింద కొన్నిచోట్ల గదులు, మరుగుదొడ్లు బాగయ్యాయి, ఇంగ్లిషు మీడియమూ వచ్చింది. మీ ఏరియా బడి ఆ వరసలో ఉందో లేదో కళ్లతో చూడండి. ఆ బడి నిండుగా ఉంటే చుట్టుపక్కల ప్రైవేటు స్కూళ్లు ఫీజు పెంచేముందు ఆలోచిస్తాయి. అది వెలవెలబోతుంటే బస్తీలో పిల్లల చదువును పట్టించుకునే పెద్దలు లేరని అర్థం, అలాంటి చోట కాపురం వద్దు. పంపగలిగితే ఐదో తరగతి దాకా అక్కడికే పంపండి. మిగిలే ఫీజుతో ఇంట్లో పుస్తకాలు నిండుతాయి, సెలవుల్లో ఊరికి వెళ్లొచ్చు.

బడి మారితే ఇల్లూ మారండి

ప్రాథమిక బడిలో వేస్తే ఐదో తరగతి తర్వాత బడి మారుతుంది. పదో తరగతి తర్వాత అసలు బడే ఉండదు, కాలేజీ వస్తుంది. కాబట్టి ఒకే అడ్రసు పట్టుకుని పదిహేనేళ్లు వేలాడాల్సిన పని లేదు. లారీకి సరిపడా సామాను మాత్రమే ఉంచుకోండి. గోడకు ఎక్కించే కప్‌బోర్డులు చేయించుకోవద్దు.

జిల్లా గీతను మాత్రం మర్చిపోవద్దు

స్కూల్ డిస్ట్రిక్ట్ లేదన్నాను గానీ, నిజంగా పట్టించుకోవాల్సిన జిల్లా ఒకటుంది. ఏఎస్ రావు నగర్, ఉప్పల్, నాచారం మూడూ 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లాలోవే. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ప్రభుత్వోద్యోగాలకు స్థానికత ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కువ ఏళ్లు ఏ జిల్లాలో చదివారన్న దాన్ని బట్టి తేలుతుంది, నేరుగా భర్తీ చేసే పోస్టుల్లో 95 శాతం స్థానికులవే. ఇక్కడ లెక్కలోకి వచ్చేది ఇల్లు కాదు, బడి. ఘట్‌కేసర్ దాటి బీబీనగర్ వైపు వెళ్తే యాదాద్రి భువనగిరి జిల్లా. కాపురం ఇటువైపే ఉన్నా, క్యాంపస్ బాగుందని పిల్లాణ్ణి అటువైపు బడిలో నాలుగైదేళ్లు చదివిస్తే, ఇరవై ఏళ్లు వచ్చాక వాడు భువనగిరి అభ్యర్థి అవుతాడు.

ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు ఇంకోటి గమనించాలి. ఇంటర్‌కు విజయవాడ, గుంటూరు హాస్టళ్లకు పంపడం మనకు పాత అలవాటు. మెడికల్ సీటుకు తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లూ తెలంగాణలోనే చదివుండాలని 2024లో నిబంధన వచ్చింది, 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ప్రభుత్వోద్యోగుల పిల్లలకు ఉన్న కొన్ని మినహాయింపులు తప్ప, సొంతిల్లు ఏఎస్ రావు నగర్‌లోనే ఉందన్న మాట అక్కడ చెల్లదు.

అందుకని ఇల్లు ఎన్నిసార్లు మారినా బోనఫైడ్ సర్టిఫికెట్ ఏ ఏడాదిది ఆ ఏడాదే మార్చిలో రాయించుకోండి. బడి పేరు, మండలం, జిల్లా, తరగతి, విద్యా సంవత్సరం అన్నీ స్పష్టంగా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. చిన్న స్కూళ్లు మూతపడితే ఆ కాగితం కోసం మండల విద్యాధికారి ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది. అద్దె అగ్రిమెంట్లు పెట్టుకునే ఫైల్లోనే ఇవీ పెట్టండి, రెండు జిరాక్సులు తీసి ఒకటి మీ అమ్మగారింట్లో ఉంచండి.