ఏడాదికి పదమూడు నెలలు

మన పంచాంగకర్తలు పాపం అమాయకులు. సూర్యుడికీ చంద్రుడికీ లెక్క కుదరక, సుమారు 32 నెలలకోసారి ఒక అధికమాసం చొప్పించారు. పైగా ఆ నెలలో పెళ్లిళ్లు వద్దు, గృహప్రవేశాలు వద్దని చెప్పి వచ్చే దక్షిణ కూడా పోగొట్టుకున్నారు. మొబైల్ కంపెనీలు ఏ సిద్ధాంతిగారి దగ్గరా శుశ్రూష చేయకుండానే ఏటా ఒక అధికమాసాన్ని కనిపెట్టాయి. నెలంటే 28 రోజులన్నాయి. 28 పదమూళ్లు 364. పన్నెండు నెలల జీతంతో పదమూడు నెలల రీచార్జ్ చేయించుకుంటున్నాం. ఆ మిగిలిన ఒక్క రోజు ఏ దయతో వదిలేశారో తెలీదు. ఆ రోజు బోర్డు మీటింగేమో.

బిజినెస్ స్కూళ్లలో దీన్ని స్ట్రాటజీ అంటారు. లక్షలు పోసి చదువుకుంటే గానీ రాదు. మా అమ్మకు మాత్రం వీధి చివర రీచార్జ్ కొట్టులో ఉచితంగా బోధపడింది.

"ఒకటో తారీఖునే కదా నాయనా వేయించాను. ఇవాళ ఇరవై తొమ్మిదే. అప్పుడే అయిపోవడమేంటి?"

"ఇరవై ఎనిమిదికే అయిపోద్ది పిన్నిగారూ. కంపెనీ నెల అంతే."

"అంటే మీకు ఏడాదంతా ఫిబ్రవరేనా?"

కొట్టు కుర్రాడు నవ్వి ఫోన్ అందుకున్నాడు. బేరమాడే పని లేదు, ఎందుకంటే ఇన్‌కమింగ్ కూడా ఆగిపోయింది. ఫోన్ మనదే, సిమ్ మనదే, ఫోన్ చేసేవాడు తన డబ్బుతో చేస్తున్నాడు. అయినా మన చెవిలో అతని గొంతు పడాలంటే మనం కప్పం కట్టాలి. 2018 చివర్లో పాత కంపెనీలు ఈ ఏర్పాటు మొదలుపెట్టినప్పుడు ఆ కప్పం 35 రూపాయలు. 2024 జులై నాటికి ఎయిర్‌టెల్‌లో 28 రోజుల అపరిమిత ప్లాన్ మొదటి మెట్టే 199 అయింది.

2022 జనవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి ఈ ఫిబ్రవరి గోల వినిపించింది. 30 రోజుల ప్లాన్ కనీసం ఒకటి, ప్రతి నెలా అదే తారీఖున వేయించుకునే ప్లాన్ కనీసం ఒకటి పెట్టి తీరాలంది. పెట్టారు. దేవుడి గూట్లో గంగాజలం చెంబులా పెట్టారు. ఇంట్లో ఉంటుంది, దాహమేస్తే ఎవరికీ పోయరు.

అసలు ఈ దేశంలో మొబైల్ పోటీ అనేది ఒకప్పుడు నిజంగానే ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. 1995 జులై 31న కలకత్తా నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌కి తొలి మొబైల్ కాల్ చేశారు. ఆ రోజుల్లో వచ్చిన ఫోన్‌కీ డబ్బు కట్టాలి కాబట్టి, మోగితే గుండె ఝల్లుమనేది. ఆ తర్వాత కంపెనీలు ఒక్కొక్కటే పెరిగి, సంతలో కూరగాయలవాళ్లలా ఒకరిని మించి ఒకరు అరిచి ధర తగ్గించారు. 2009లో టాటా డొకోమో వచ్చి సెకనుకు ఒక పైసా అంది. పది సెకన్లు మాట్లాడితే పది పైసలే, నిమిషమంతా లెక్కగట్టేది లేదు. ఇన్నొవేషన్ అని దేన్నయినా పిలవాల్సి వస్తే దాన్ని పిలవాలి. కొన్ని నెలల్లోనే అందరూ చచ్చినట్టు అదే బాట పట్టారు. మరి కనిపెట్టినవాడేమయ్యాడు? 2017లో తన మొబైల్ ఖాతాదారుల్ని మూటగట్టి ఎయిర్‌టెల్ చేతిలో పెట్టి, నమస్కారం చెప్పి వెళ్లిపోయాడు.

ఇంకో గొప్ప ఆవిష్కరణ మిస్డ్ కాల్. దానికి పేటెంటు లేదు, కనిపెట్టింది జనం. ఒక రింగిస్తే బస్సెక్కానని, రెండిస్తే దిగానని. కంపెనీకి పైసా ముట్టకుండా కాపురాలు నడిపిన తరం మనది. ఈ కిటుకు జనం చేతుల్లో ఉండిపోవడం కంపెనీలకు ఎన్నాళ్లు కంటగింపుగా ఉందో గానీ, 2019లో అవి కూడా మిస్డ్ కాల్ బరిలో దిగాయి. ఈ ముచ్చట కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి.

అప్పట్లో ఒక కంపెనీ ఖాతాదారు ఇంకో కంపెనీ ఖాతాదారుకు ఫోన్ చేస్తే, చేసిన వైపు కంపెనీ ఎత్తిన వైపు కంపెనీకి నిమిషానికి 6 పైసలు చెల్లించాలి. ఇప్పుడు ఆలోచించండి. నా దగ్గర నుంచి వెళ్లే ఫోన్ తక్కువసేపు మోగితే ఏమవుతుంది? అవతలివాడు ఎత్తేలోపు ఆగిపోతుంది. అతను మిస్డ్ కాల్ చూసుకుని తిరిగి చేస్తాడు. అప్పుడు 6 పైసలు నాకే వస్తాయి! ఇందుకోసమే జియో రింగు సమయాన్ని కత్తిరించిందని ఎయిర్‌టెల్ ఆరోపించింది. ప్రపంచంలో చాలాచోట్ల ఇంతేనని జియో జవాబు. అన్యాయం, అక్రమం అని ట్రాయ్ దగ్గర మొత్తుకున్న ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియాలు చివరికి ఏం చేశాయి? తమ రింగును కూడా 45 సెకన్ల నుంచి 25కి కోసేశాయి. ధర్మం కోసం పోరాడటం కన్నా అధర్మంలో వాటా తీసుకోవడం సులువు.

25 సెకన్లంటే ఎంతో బోర్డురూముల్లో తెలియదు. గిన్నెలు తోముతున్న అరవై దాటిన ఆవిడకు తెలుస్తుంది. ఫోన్ ముందుగదిలో ఫ్రిజ్ మీద ఛార్జింగ్‌లో ఉంటుంది. కుళాయి కట్టాలి, బూడిద చేయి కడగాలి, కొంగుకు తుడుచుకోవాలి, మోకాలు పట్టేస్తే గుమ్మం పట్టుకుని నిలబడాలి. అక్కడికి చేరేసరికి చప్పుడుండదు. కొడుకేమో, కూతురేమో, ఆసుపత్రి నుంచేమోనని కళ్లజోడు వెతుక్కోవాలి. వేలకోట్ల కంపెనీలు ఆవిడ మోకాళ్ల మీద నిమిషానికి 6 పైసలు ఏరుకున్నాయి. 2019 నవంబరు 1న ట్రాయ్ కలగజేసుకుని మొబైల్ 30 సెకన్లు, ల్యాండ్‌లైన్ 60 సెకన్లు మోగాలని తేల్చింది. ఫోన్ ఎంతసేపు మోగాలో ఉత్తర్వు జారీ చేయాల్సి వచ్చిన దేశం మనది.

అంతకు మూడేళ్ల ముందు, 2016 సెప్టెంబరు 5న, అంతా ఉచితం అంటూ జియో వచ్చింది. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతామన్న పేరు మనకు ఎలాగూ ఉంది. డిసెంబరు దాకా ఉచితం, కొత్త సంవత్సరం పేరు చెప్పి మార్చి దాకా ఉచితం. జనం తాగారు. ఫినాయిలు వాసన మాత్రం పక్క దుకాణాలకు సోకింది. ఎయిర్‌సెల్ దివాలా తీసింది. అనిల్ అంబానీ ఆర్‌కామ్ కూడా అదే దారి. టెలినార్ వెళ్లిపోయింది. మిగిలిన వొడాఫోన్, ఐడియా ఒకరి భుజం ఒకరు పట్టుకుని 2018 ఆగస్టు 31న ఏకమయ్యాయి. ఇద్దరు మునిగేవాళ్లు కౌగిలించుకుంటే ఈత రాదని వాటి సలహాదారులు చెప్పలేదు కాబోలు. ఆ కంపెనీ బాకీలు కట్టలేకపోతే ప్రభుత్వం వాటాలు తీసుకుంది. 2025 నాటికి ఆ వాటా దాదాపు 49 శాతం. బాకీ వసూలుకెళ్లి ఆ ఇంట్లోనే కాపురం పెట్టిన షావుకారు అన్నమాట. బీఎస్‌ఎన్‌ఎల్‌కి ఎలాగూ సొంత యజమాని ఆయనే.

ఇక భాగస్వామ్యాలు. టీవీలో ఒకరి సిగ్నల్‌ని ఒకరు ఎద్దేవా చేసుకునే రోజుల్లోనే, 2007లో, ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియా కలిసి ఇండస్ టవర్స్ పెట్టుకున్నాయి. మన డాబా మీద ఒకటే ఇనప స్తంభం, దాని మీద ముగ్గురి డబ్బాలు. కింద ప్రకటనల్లో తన్నులాట, పైన సంసారం. ఖర్చు తగ్గింది, అది తెలివైన పనే, కాదనను. మరో ముచ్చట ఇలాన్ మస్క్ స్పేస్‌ఎక్స్ వారి స్టార్‌లింక్‌ది. ఉపగ్రహ ఇంటర్నెట్‌కి స్పెక్ట్రమ్ వేలం వేయకుండా ఎలా ఇస్తారని 2024లో జియో పట్టుబట్టింది. నగరాల్లో అమ్ముకునేవాళ్లు మాలాగే కొనుక్కోవాలని ఎయిర్‌టెల్ అధిపతి సునీల్ మిట్టల్ అన్నారు. మస్క్ ఒకవైపు, వీళ్లిద్దరూ ఒకవైపు, కురుక్షేత్రమే అనుకున్నాం. 2025 మార్చి 11న ఎయిర్‌టెల్ స్పేస్‌ఎక్స్‌తో తాంబూలాలు పుచ్చుకుంది. 12న జియో పుచ్చుకుంది. పెళ్లికొడుకు ఒక్కడే.

ధరల పెంపులో కూడా ఇలాంటి మంచి ముహూర్తబలం ఉంది. 2024 జూన్ 27న జియో ప్రకటించింది, 28న మిగతా ఇద్దరూ. అమలు జులై 3న ఇద్దరికి, 4న మూడోవారికి. కూడబలుక్కున్నారని నేననను. మా ఊళ్లో కోడిపుంజులు కూడా కూడబలుక్కోవు, ఒకటి కూస్తే మిగతావి అందుకుంటాయి. ఆ నెలలో జనం సిమ్‌లు పట్టుకుని బీఎస్‌ఎన్‌ఎల్ వైపు పరుగెత్తారు. దానికి దాదాపు 29 లక్షలమంది పెరిగారు. ఇందుకు అది పన్నిన వ్యూహం ఏమిటంటే ధర పెంచకుండా ఊరుకోవడం. ఆ ఏటి అత్యుత్తమ స్ట్రాటజీ బహుమతి దానికే ఇవ్వాలి, తీసుకోవడానికి వస్తే.

ఈ విద్యలన్నిటికీ కొలబద్ద ఒకటుంది. ఒక్కో ఖాతాదారు నుంచి నెలకు సగటున ఎంత రాబట్టారన్న లెక్క. ఇంగ్లిషు పొడి అక్షరాల్లో దాన్ని ‘ఆర్పు’ అంటారు. తెలుగు తెలిసినవాడెవడో పెట్టినట్టే ఉంది. 2024 సెప్టెంబరు త్రైమాసికంలో ఎయిర్‌టెల్ ఆర్పు 233 రూపాయలు, జియోది 195. మిట్టల్‌గారు 300 దాకా ఆర్పాలంటున్నారు.

ఇప్పుడు కొత్త పందెం కృత్రిమ మేధ. 2025 జులైలో ఎయిర్‌టెల్ ఏడాదికి 17,000 రూపాయల పర్‌ప్లెక్సిటీ ఉచితమంది. అక్టోబరు చివర్లో జియో 35,100 రూపాయల గూగుల్ జెమినీ ఉచితమంది, ముందుగా 18 నుంచి 25 ఏళ్లవాళ్లకి. కూరగాయలవాడు కొత్తిమీర కట్ట కొసరేయడం మానేసి, ఏనుగును కొసరుగా తోలుతున్నాడు. మేత ఎవరు పెట్టాలో తర్వాత చెబుతాడు.

అమ్మకు ఇదంతా వివరించాను. ఏమడిగినా చెబుతుందట, ఉత్తరాలు రాస్తుందట, బొమ్మలు గీస్తుందట. శ్రద్ధగా వింది.

"నేను గిన్నెల దగ్గరున్నప్పుడు ఫోన్ ఎత్తుతుందా?" అంది.